మా కార్నియా లెక్కలు మా చేతికివ్వండి: లేజర్ నేత్రవైద్యులకు బహిరంగ లేఖ

కార్నియాపై లేజర్ చికిత్స చేసే నేత్రవైద్యులకు, ఆ చికిత్స అందిస్తున్న ఆస్పత్రుల యాజమాన్యాలకు, నేత్రవైద్యుల వృత్తి సంఘాల బాధ్యులకు,

నమస్కారం.

నాకు గ్రాన్యులర్ డిస్ట్రోఫీ ఉంది. జన్యులోపం వల్ల కార్నియాలో, అంటే కంటి ముందుండే పారదర్శక పొరలో, తెల్లని రేణువులు పేరుకుని, ఏళ్లు గడిచేకొద్దీ చూపును మసకబార్చే వ్యాధి ఇది. మా నాన్నకూ ఉండేది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. కొన్నేళ్ల కిందట ఒక ఆస్పత్రిలో ఎక్సైమర్ లేజర్‌తో నా రెండు కళ్లలోనూ పై పొరల్లోని మచ్చలను తొలగించారు. ఫోటోథెరప్యూటిక్ కెరటెక్టమీ, పొట్టిగా పీటీకే అని మీరు పిలిచే చికిత్స అది. చికిత్స ఫలించింది. చదువు, ఉద్యోగం, రోడ్డు దాటడం అన్నీ తేలికపడ్డాయి. ఆ వైద్యుల చేతి నైపుణ్యం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ఇప్పుడు నాకు శుక్లాలు వచ్చాయి. శుక్లం తీసి లెన్సు అమర్చాల్సిన వైద్యురాలు నన్ను అడిగిన మొదటి మాట: లేజర్‌కు ముందు మీ కార్నియా వంపు ఎంత ఉండేది, మందం ఎంత, లేజర్ ఎంత లోతు తీసింది? నా దగ్గర ఉన్నదల్లా ఒక డిశ్చార్జి కాగితం. రెండు కళ్లకూ లేజర్ చేశామని, చుక్కల మందు వాడాలని తప్ప అందులో ఏమీ లేదు. ఆస్పత్రికి ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. మళ్లీ రాస్తే, పాత యంత్రం మార్చేశామని, అందులోని సమాచారం తీయడం కుదరదని ఫోనులో చెప్పారు. ఆ మాటే కాగితం మీద రాసివ్వమన్నాను, ఇవ్వలేదు. వృత్తి సంఘానికి ఫిర్యాదు పంపితే అందిందన్న కబురు కూడా రాలేదు. తలుపులన్నీ మూసుకున్నాకే ఈ విషయాన్ని అందరి ముందూ పెడుతున్నాను.

ఇది నా ఒక్కరి ఫైలు గొడవ అయితే ఇంత రాయవలసిన పని లేదు. కార్నియా మధ్యభాగం సగటు మందం సుమారు 540 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. కంటిలోకి వచ్చే వెలుతురును వంచి తెరమీదికి చేర్చే శక్తిలో దాదాపు మూడింట రెండు వంతులు ఆ పలుచని పొరదే. మీ లేజర్ 193 నానోమీటర్ల అతినీలలోహిత కాంతితో, ఒక్కో తాకిడికి సుమారు పావు మైక్రాను చొప్పున ఆ పొరను తొలగిస్తుంది. అన్నిటికన్నా పైనుండే ఎపితీలియం కొద్ది రోజుల్లో తిరిగి పెరుగుతుంది. దాని కిందున్న బోమన్ పొర తిరిగి పెరగదు. ఆ కిందున్న స్ట్రోమాలో తీసిన భాగం కూడా మునుపటిలా తిరిగి రాదు. తిరిగి రానిదాన్ని ఒక మనిషి శరీరం నుంచి తీసినప్పుడు ఎంత తీశారో, ఎంత మిగిల్చారో ఆ మనిషికి రాసివ్వాలి. నేను అడుగుతున్నది ఇంతే. రాసివ్వకపోవడం వల్ల మామూలు మనుషులకు ఏమవుతోందో వరుసగా చెబుతాను.

1. శుక్లం ఆపరేషన్ లెక్క తప్పుతుంది.

ఇది అన్నిటికన్నా పెద్ద సంగతి, రోజురోజుకూ పెరగబోయే సంగతి కూడా. కంటిలో అమర్చే లెన్సు పవరును నిర్ణయించడానికి కార్నియా వంపును కొలుస్తారు. మామూలు కొలత పరికరాలు కార్నియా ముందువైపును మాత్రమే చూసి, వెనకవైపు వంపు దానికి ఒక నిర్ణీత నిష్పత్తిలో ఉంటుందనుకుని లెక్క కడతాయి. లేజర్ ముందువైపును చదును చేస్తుంది, వెనకవైపును ముట్టుకోదు. దాంతో ఆ నిష్పత్తి చెడిపోతుంది. పరికరం కార్నియాకు లేని శక్తిని ఉన్నట్టు చూపిస్తుంది, వైద్యులు కావలసినదానికన్నా తక్కువ పవరున్న లెన్సు పెడతారు. ఆపరేషన్ ఏ లోపమూ లేకుండా జరిగినా, కట్టు విప్పాక రోగికి దూరమూ దగ్గరా రెండూ మసకే. అప్పుడు మందపాటి అద్దాలు పెట్టుకోవాలి, లేదంటే కన్ను మళ్లీ తెరిచి లెన్సు మార్చాలి.

పాత కొలతలు లేకపోయినా పనిచేసే సూత్రాలు ఇప్పుడు ఉన్నాయి, అవి చాలామందికి మేలు చేశాయి. కానీ అవి ప్రధానంగా అద్దాలు తీయించుకునేందుకు లేజర్ చేయించుకున్న కళ్లను దృష్టిలో పెట్టుకుని తయారైనవి. మచ్చలు తీయించుకున్న నాలాంటి వారి కార్నియా ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. ఇలాంటి కంటికి పాత కొలతలు చేతిలో ఉంటే వైద్యులు రెండు మూడు దారుల్లో లెక్కకట్టి సరిచూసుకోగలరు, లేకపోతే అంచనా మీద ఆధారపడాలి. అద్దాలు తీసేందుకు చేసే లాసిక్ అనే లేజర్ చికిత్స కొత్తగా వచ్చిన రోజుల్లో, ఇరవైలలో ముప్పైలలో చేయించుకున్న తరం ఇప్పుడిప్పుడే శుక్లాల వయసుకు చేరుతోంది. వారిలో ఎంతమంది దగ్గర ఆనాటి కాగితాలున్నాయో మీరు మీ రోగులను అడిగి చూడండి.

2. నీటికాసులు (గ్లాకోమా) కనిపించకుండా దాక్కుంటాయి.

నీటికాసుల ముప్పును పసిగట్టేందుకు కంటి ఒత్తిడిని కొలిచే గోల్డ్‌మాన్ పరికరాన్ని సుమారు 520 మైక్రాన్ల మందమున్న కార్నియాను ప్రమాణంగా తీసుకుని రూపొందించారు. పలుచబడిన కార్నియా మీద అది అసలున్నదానికన్నా తక్కువ ఒత్తిడిని చూపిస్తుంది. లేజర్ చేయించుకున్న సంగతే తెలియని వైద్యులు ఆ అంకె చూసి, ఒత్తిడి మామూలుగానే ఉందని పంపేయవచ్చు. దీనికి తోడు, పై పొర మీద చేసే లేజర్ తరవాత వారాల తరబడి స్టెరాయిడ్ చుక్కలు వేయిస్తారు, అవి కొందరిలో ఒత్తిడిని పెంచుతాయి. మందు ఒత్తిడిని పెంచుతుంటే పలుచని కార్నియా దాన్ని తగ్గించి చూపిస్తుంటుంది. నీటికాసుల వల్ల పోయిన చూపు ఏ చికిత్సతోనూ తిరిగి రాదు. చికిత్సకు ముందూ తరవాతా ఉన్న మందం ఒక కార్డు మీద రాసివ్వడానికి పట్టేది ఒక నిమిషం.

3. వ్యాధి తిరిగి వస్తుంది, మిగిలినదెంతో రోగికి తెలియదు.

పీటీకే మచ్చలను తీస్తుంది గానీ జన్యులోపాన్ని తీయదు. గ్రాన్యులర్, లాటిస్ వంటి డిస్ట్రోఫీల్లో మచ్చలు కొన్నేళ్లకు మళ్లీ పేరుకుంటాయి. అప్పుడు ఇంకోసారి లేజర్ చేయవచ్చు, కానీ ఎన్నిసార్లయినా చేయడానికి కార్నియాలో అంత మందం ఉండదు. పీటీకే సాధారణంగా పై 100 మైక్రాన్ల లోపు వ్యాధికి తగిన చికిత్స. లోతు పెరిగేకొద్దీ మధ్యభాగం చదునవుతుంది, చూపు దూరదృష్టి (దగ్గరివి మసకగా కనిపించే లోపం) వైపు జరుగుతుంది, కొందరిలో మసక పొర కూడా ఏర్పడుతుంది. నాకు ఈ దూరదృష్టి సంగతి లేజర్ అయ్యాకే తెలిసింది. ముందే చెప్పి ఉంటే చికిత్స మానుకునేదాన్ని కాదు, కానీ ఉద్యోగంలో సెలవూ కొత్త అద్దాలూ చూసుకుని సిద్ధంగా ఉండేదాన్ని. మరోసారి లేజర్ చేయించుకోవాలా, కార్నియా మార్పిడికి పేరు నమోదు చేయించుకోవాలా అన్నది జీవితాన్ని మలుపు తిప్పే నిర్ణయం. మొదటిసారి ఎంత తీశారో తెలియకుండా ఆ నిర్ణయం ఎలా తీసుకోవాలి?

4. చేయకూడని కంటికి చేసేస్తున్నారు.

ఈ లేజర్ చరిత్ర మీకు నేను చెప్పనక్కర్లేదు గానీ, ఈ లేఖ చదివే మిగతావారి కోసం చెబుతాను. ఎక్సైమర్ లేజర్ చుట్టుపక్కల కణజాలాన్ని కాల్చకుండా సన్నగా చెక్కగలదని 1981లో ఐబీఎం పరిశోధకులు రంగస్వామి శ్రీనివాసన్, జేమ్స్ విన్, శామ్యూల్ బ్లమ్ కనుగొన్నారు. దాన్ని కార్నియాపై వాడవచ్చని 1983లో స్టీఫెన్ ట్రోకెల్ శ్రీనివాసన్‌తో కలిసి చూపించారు. 1995లో అమెరికా ఆహార ఔషధ సంస్థ ఈ లేజర్‌ను మొదట అనుమతించింది కార్నియా వ్యాధుల చికిత్సకే. అద్దాలు తీసేందుకు అనుమతి అదే ఏడాది ఆ తరవాత వచ్చింది. ఇవాళ ప్రకటనల నిండా రెండోదే కనిపిస్తుంది. వ్యాధికి మందుగా వచ్చిన పరికరం వ్యాధి ఉన్నవారికే కీడు చేసే పరిస్థితి ఎలా వచ్చిందో ఇక్కడే అర్థమవుతుంది.

గ్రాన్యులర్ డిస్ట్రోఫీలో అవెల్లినో అని పిలిచే రెండో రకం ఉంది. తొలిదశలో నాలుగైదు చుక్కలు మాత్రమే ఉంటాయి, హడావుడిగా చూస్తే కంటికి ఆనవు. అటువంటి కంటికి లాసిక్ చేస్తే మచ్చలు ఒక్కసారిగా విజృంభిస్తాయి. ఇది మీ పాఠ్యపుస్తకాల్లోనే ఉంది. టీజీఎఫ్‌బీఐ జన్యువును పరీక్షించి దీన్ని ముందే పసిగట్టే వీలుంది. ఇంట్లో ఎవరికైనా కార్నియా వ్యాధి ఉందా అని ఎదురుగా కూర్చుని అడిగినా చాలామందిలో వ్యాధి బయటపడుతుంది. ఆ ప్రశ్నను సంతకాల కట్టలో ఒక గడిగా పెట్టి టిక్కు కొట్టించుకోవడం అడగడం కిందికి రాదు.

కెరటోకోనస్ సంగతి ఇంకా బాధాకరం. కార్నియా బలహీనపడి శంకువులా ముందుకు పొడుచుకొచ్చే ఈ వ్యాధి ఎక్కువగా కౌమారంలో, తొలి యవ్వనంలో మొదలవుతుంది. అద్దాలు వదిలించుకోవాలని లేజర్ కోసం వచ్చే వయసు కూడా అదే. దాగి ఉన్న కెరటోకోనస్‌ను గుర్తించకుండా లాసిక్ చేస్తే కార్నియా ఉబ్బిపోతుందని 1998లోనే థియో సైలర్ బృందం వెల్లడించింది. కింద కనీసం 250 మైక్రాన్ల స్ట్రోమా మిగలాలన్న నియమం వచ్చింది. ఆ అంకె దాటినంత మాత్రాన భద్రత ఖాయం కాదని కూడా మీకు తెలుసు. ముందు వెనక ఉపరితలాలు రెండింటినీ చూపే టోమోగ్రఫీ తప్పనిసరి. మెత్తని కాంటాక్ట్ లెన్సులు వాడేవారు వారం రెండు వారాలు, గట్టి లెన్సులు వాడేవారు ఇంకా ఎక్కువ కాలం వాటిని ఆపాకే కొలత నమ్మదగినది. పొద్దున లెన్సు తీసి మధ్యాహ్నం కొలత, సాయంత్రం లేజర్ అన్న పద్ధతి ఎక్కడ ఉన్నా అది తప్పే. అలా దెబ్బతిన్న యువకుడికి మిగిలేవి కార్నియాను గట్టిపరిచే క్రాస్‌లింకింగ్ చికిత్స, గట్టి లెన్సులు, చివరికి కార్నియా మార్పిడి. అతని కొలతల పటాలు అతని చేతిలో ఉంటే కనీసం ఇంకో వైద్యుడి అభిప్రాయం తీసుకునే అవకాశం లేజర్‌కు ముందే ఉండేది.

5. నొప్పినీ రాత్రి చూపునూ చిన్న సంగతుల్లా తోసిపుచ్చుతున్నారు.

శరీరంలో నరాల చివరలు అత్యంత దట్టంగా ఉండే చోట్లలో కార్నియా ఒకటి. పై పొర తీసిన తరవాత మొదటి కొన్ని రోజులు నొప్పి తీవ్రంగా ఉంటుందని, అది సహజమేనని ముందే చెబితే మనిషి తట్టుకుంటాడు. కొద్దిమందిలో నరాలు సరిగా మానక, కంటి పరీక్షలో ఏమీ కనిపించకపోయినా నెలల తరబడి మంట కొనసాగుతుంది. వారికి వినిపించే మాట, మీ కన్ను బాగానే ఉంది, మీరే ఎక్కువ ఆలోచిస్తున్నారు అని. లాసిక్‌పై అమెరికా ఆహార ఔషధ సంస్థ పాలుపంచుకున్న ప్రౌల్ అధ్యయనాల్లో, అంతకుముందు ఏ ఇబ్బందీ లేనివారిలో 40 శాతానికి పైగా, శస్త్రచికిత్స అయిన మూడు నెలలకు కాంతి వలయాలు, మెరుపులు వంటి ఏదో ఒక కొత్త లక్షణం ఉందని చెప్పారు. అదే అధ్యయనాల్లో పాల్గొన్నవారిలో 95 శాతానికి పైగా తమ చూపుతో తృప్తిగా ఉన్నామన్నారు. రెండూ నిజాలే. మీ ప్రకటనలు రెండోదాన్ని మాత్రమే చెబుతాయి. రాత్రి బండి నడిపి బతికే మనిషికి మొదటిది తెలియకపోతే ఎలా?

హెర్పిస్ సంగతి కూడా ఇక్కడే. గతంలో కంటికి హెర్పిస్ వచ్చినవారిలో లేజర్ తరవాత ఆ వైరస్ మళ్లీ రేగవచ్చు. ముందే తెలిస్తే వైరస్ మందు ఇవ్వవచ్చు లేదా చికిత్సే మానవచ్చు.

6. వైద్యాన్ని అలంకారంగా లెక్కగడుతున్నారు.

నా చికిత్స ఖర్చును బీమా సంస్థ మొదట తిరస్కరించింది. కళ్లద్దాలు తీయించుకోవడానికి చేయించుకున్న లేజర్‌కు డబ్బు ఇవ్వబోమన్నది వారు చెప్పిన కారణం. ఆస్పత్రి కాగితంలో వ్యాధి పేరు లేదు, లేజర్ అన్న మాట మాత్రమే ఉంది. యంత్రం ఒకటే అయినంత మాత్రాన వైద్యమూ ఒకటే కాదు. ఎపితీలియం పదే పదే ఊడిపోయి, తెల్లవారుజామున కన్ను తెరవగానే కత్తి గుచ్చినట్టు నొప్పి పెట్టే రోగికి బోమన్ పొరపై కొన్ని మైక్రాన్ల లేజర్‌తో ఉపశమనం దొరుకుతుంది. నాలాంటి వారికి కార్నియా మార్పిడిని ఏళ్ల పాటు వాయిదా వేయవచ్చు. ప్రపంచంలో కార్నియా అవసరమైన ప్రతి 70 మందికి ఒక్క కార్నియా మాత్రమే దొరుకుతోందని 2016లో ప్రచురితమైన ఒక అంతర్జాతీయ సర్వే అంచనా వేసింది. అటువంటి కొరతలో, మార్పిడిని వాయిదా వేసే చికిత్సకు డబ్బు నిరాకరించడమంటే ఆ వరుసలోకి ఇంకొకరిని నెట్టడమే. వ్యాధి పేరు, మచ్చ లోతు, చూపు ఎంత తగ్గిందీ మీరు స్పష్టంగా రాస్తే ఈ తిరస్కారాల్లో చాలావాటికి ఆధారమే ఉండదు.

ఇక నా డిమాండ్లు. ఇవి మీకు కొత్తవి కావు. 2022లో అమెరికా ఆహార ఔషధ సంస్థ లాసిక్ రోగులకు ముందుగా ఇవ్వవలసిన సమాచారంపై ముసాయిదా మార్గదర్శకం వెలువరించింది, అందులో రోగి చదివి నిర్ణయం తీసుకునేందుకు ఒక పట్టిక కూడా ఉంది. అలాంటిది అన్ని కార్నియా లేజర్ చికిత్సలకూ, వ్యాధికి చేసేవాటికి కూడా కావాలి.

మొదటిది, అన్నిటికన్నా ముఖ్యమైనది: లేజర్ చేసిన ప్రతి కంటికీ ఒక కార్నియా కార్డు ఇవ్వండి. చికిత్సకు ముందు కార్నియా వంపు, మందం, అద్దాల పవరు, చికిత్స పేరు, కారణమైన వ్యాధి, లేజర్ తీసిన లోతు, చికిత్స తరవాత స్థిరపడిన పవరు, మందం, వాడిన యంత్రం పేరు అందులో ఉండాలి. ఒక పేజీ చాలు. టోమోగ్రఫీ పటాలు కూడా రోగికి ఇవ్వాలి. ఇవి అడిగితే ఇచ్చేవిగా ఉండకూడదు. అడగాలని రోగికి తెలియదు, తెలిసేసరికి ఇరవై ఏళ్లు గడిచిపోతాయి.

రెండోది, సమ్మతి పత్రం లేజర్ గది బయట, కంట్లో చుక్కలు వేశాక చేతికివ్వకండి. ఆ స్థితిలో అక్షరాలే కనబడవు. అత్యవసరం కాని చికిత్సకు కనీసం కొన్ని రోజుల ముందు, రోగి భాషలో ఇవ్వండి. దూరదృష్టి, వ్యాధి తిరిగి రావడం, రాత్రి వెలుగుల ఇబ్బంది, దీర్ఘకాల నొప్పి, భవిష్యత్తులో శుక్లం లెక్కల చిక్కు వంటివి అందులో పేరుపేరునా ఉండాలి.

మూడోది, కుటుంబ చరిత్ర అడగకుండా, ముందు వెనక ఉపరితలాల కొలత లేకుండా, కాంటాక్ట్ లెన్సులు ఆపిన గడువు పూర్తికాకుండా లేజర్ చేయడాన్ని వృత్తి సంఘాలు వృత్తి నియమావళి ఉల్లంఘనగా ప్రకటించాలి. ఫిర్యాదు చేసిన ప్రతి రోగికీ రాతపూర్వకంగా జవాబివ్వాలి. జవాబు ప్రతికూలమైనా ఫరవాలేదు, మౌనం మాత్రం వద్దు.

నాలుగోది, వ్యాధికి చేసే లేజర్‌ను, అద్దాలు తీసే లేజర్‌ను కాగితాల్లో వేరువేరు పేర్లతో రాయండి. బీమా సంస్థలతో ఈ తేడా గురించి మాట్లాడవలసిన బాధ్యత మీ సంఘాలది. ఆ పోరాటాన్ని కంటికి కట్టుతో ఉన్న రోగి నెత్తిన వేయకండి.

ఇవన్నీ చేస్తే ఖర్చు పెరుగుతుందని, రోగులు భయపడి పారిపోతారని మీలో కొందరు అనవచ్చు. కొలతలు ఇప్పటికే మీ యంత్రాల్లో ఉన్నాయి, అచ్చు వేసి ఇవ్వడమే మిగిలింది. నిజం విని వెనక్కి తగ్గిన రోగి మీ నుంచి పోయిన రోగి కాదు, తన కంటి గురించి తాను నిర్ణయం తీసుకున్న మనిషి. మీలో ఎందరో ఈ పద్ధతిని ఏ నిబంధనా లేకుండానే పాటిస్తున్నారని నాకు తెలుసు. నా శుక్లం చూస్తున్న వైద్యురాలు ప్రతి కొలతనూ నాకు చూపించి, ఒక నకలు నా చేతికిచ్చాకే మాట్లాడతారు. అందరూ అలా చేయాలని అడగడం అత్యాశ కాదు.

చివరిది ఇప్పటికే చికిత్స అయిపోయినవారి గురించి. పాత లేజర్ యంత్రాలనూ పాత కంప్యూటర్లనూ మార్చే ముందు, వాటిలోని రోగుల కొలతలను కొత్త వ్యవస్థలోకి ఎక్కించండి. ఆ రోగులకు ఫోను చేసి, ఉత్తరం రాసి, వచ్చి తీసుకువెళ్లమనండి. ఆస్పత్రి మూతపడుతుంటే ఆ రికార్డులు ఎవరి దగ్గర ఉంటాయో బహిరంగంగా ప్రకటించండి. నా కొలతలు దొరకకపోతే దొరకలేదని సంతకం పెట్టి రాసివ్వమని సంబంధిత ఆస్పత్రిని మరోసారి కోరుతున్నాను. కనీసం ఆ కాగితం ఉంటే, నా కంటికి ఏ సూత్రం వాడాలో నా వైద్యురాలు తేల్చుకోగలరు. నా శుక్లం ఆపరేషన్ దానికోసమే ఆగి ఉంది.

ఇట్లు,
గ్రాన్యులర్ డిస్ట్రోఫీకి లేజర్ చికిత్స పొందిన ఒక రోగి